ముసురు పట్టకముందే చెరువు నీటిని చూసుకోండి

మృగశిర కార్తె దాటి ముసురు పట్టిందంటే వరంగల్, ములుగు, మహబూబాబాద్ పల్లెల్లో చేపలు పెంచేవారికి తెల్లవారుజామున కంటి మీద కునుకు ఉండదు. నీటిలో ఆక్సిజన్ చాలక చేపలు నోళ్లు పైకెత్తి గుటకలు వేశాక మోటారు కోసం పరుగెత్తడం చూస్తూనే ఉన్నాం. అంతవరకు రానివ్వకండి. చేపలకన్నా ముందు వాటి మేతను గమనించండి.

బొచ్చె చేప ఎక్కువగా తినేది నీటిలో తేలాడే చిన్న చిన్న జీవులైన జంతుప్లవకాలను. వాటిలో డాఫ్నియా ఆవగింజంత ఉంటుంది. అది కాళ్లు ఆడిస్తూ నీటిని లోపలికి లాగుతుంది. ఊపిరికి ఆక్సిజన్, కడుపుకు నాచు, రెండూ ఆ నీటితోనే అందాలి. ఆక్సిజన్ బాగా పడిపోతే డాఫ్నియా నాచు మేయడం మందగిస్తుంది. మేసేవి తగ్గితే నాచు చిక్కబడుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది. మబ్బు కమ్మితే ఆ పగటి రాబడీ ఉండదు. 30 డిగ్రీల నీరు గాలి నుంచి పట్టి ఉంచుకోగలిగేదే లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాములు. చేపలకు 5 ఉంటే నిశ్చింత, 3 కంటే తగ్గితే కష్టం.

సూర్యోదయానికి ముందు గాజు సీసాలో నీళ్లు ముంచి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కుదుపులతో ఎగిరే చుక్కలు కనిపించాలి, అవే డాఫ్నియాలు. అవి లేత ఎరుపుకు తిరిగాయంటే అప్పటికే కొన్నాళ్లుగా నీటిలో ఆక్సిజన్ చాలడం లేదని అనుమానించాలి. కొరతకు తట్టుకోవడానికి డాఫ్నియా ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది, ఆ రంగు దానిదే. నీటిపై పరుచుకునే ఎర్రతెట్టు వేరు, అది యూగ్లీనా వంటి నాచు వల్ల వస్తుంది.

చేతిని నీటిలో ముంచండి. మోచేయి మునగకముందే అరచేయి కనబడకపోతే, ఆ నీళ్లు బురదవి కాకుండా పచ్చనివైతే, పేడ, ఎరువులు ఆపేయండి. మబ్బున్న రోజుల్లో మేతగా వేసే తవుడు, నూనెగింజల చెక్క కూడా తగ్గించాలి. తినని మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను మింగేస్తుంది. నాచును చంపే మందు మాత్రం ముసురులో అస్సలు వేయవద్దు. చచ్చిన నాచు కుళ్లితే ఒక్క రాత్రిలో చెరువు ఖాళీ అవుతుంది.

నీటిలోకి గాలి ఎక్కించే యంత్రం (ఏరేటర్) ఉంటే అర్ధరాత్రి నుంచి పొద్దెక్కేదాకా నడపండి. లేకపోతే మోటారుతో అదే నీటిని ఎత్తి జల్లుగా పడేలా చూడండి. వలను లాగే పని ఎండ వచ్చాకే పెట్టుకోండి.