ఇల్లు చదవడం – మూడో పాఠం: నెత్తిమీద ఏముంది?

కిందటి పాఠంలో గోడల గురించి చెప్పుకున్నాం. బరువు మోసే గోడ ఏది, ఉత్త అడ్డుగోడ ఏది అని మీ వీధిలో ఐదు ఇళ్లు చూసి రాసుకోమన్నాను. ఫైర్ సర్వీసులోకి వచ్చి కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ చేసే తప్పు దాదాపు ఒకటే. తొమ్మిదంగుళాల గోడ కనబడగానే "ఇది మోసేది" అని రాసేస్తారు. మందం చూసి చెప్పకూడదు, దాని మీద ఏం కూర్చుందో చూసి చెప్పాలి. పిల్లర్లు, బీములు వేసి కట్టిన ఇంట్లో గోడ ఎంత లావుగా ఉన్నా అది అడ్డుగోడే. పాత మట్టి ఇంట్లో మాత్రం ఏ గోడనూ చులకనగా చూడొద్దు.

ఇప్పుడు పైకప్పుకు వద్దాం. మంట అంటుకున్న ఇంట్లోకి పోయేవాడు ముందుకు చూస్తాడు, కాళ్ల కిందికి చూస్తాడు. నెత్తిమీదికి చూడడు. చూసినా పొగలో కనబడదు. అందుకే పైన ఏముందో బయట ఉన్నప్పుడే, గొట్టం విప్పుతున్నప్పుడే తేల్చుకోవాలి.

బయటి నుంచి ఎలా తెలుస్తుంది? వరంగల్ పాత బజారులో ఒక్క గంట తిరగండి. రోడ్డు మీదికి ఎత్తైన ముందుగోడ, దానికి పెద్ద బోర్డు. చూస్తే స్లాబ్ బిల్డింగే. పక్క సందులోకి పోయి చూస్తే వెనక అంతా రేకులే, ఇంకా వెనక గూన పెంకలు. ముందు కనిపించేది కస్టమర్ కోసం కట్టింది, మనకోసం కాదు. నేనైతే వాన నీళ్లు ఎటు పడతాయో చూస్తాను. స్లాబ్ అయితే పిట్టగోడ అడుగున పైపు బయటికి వస్తుంది. రేకులైతే చూరు పొడవునా నీళ్లు జారిన మరకలుంటాయి, లేకపోతే కాలువ రేకు వేలాడుతుంటుంది. రాత్రిపూట టార్చి వేసినా ఇది కనబడుతుంది.

పెంకుటిల్లు

హనుమకొండ పాత వాడల్లో, పరకాల, హుజూరాబాద్ వైపు ఊళ్లలో ఇంకా మట్టి గోడల మీద టేకు దూలాలు, వాటి మీద వాసాలు, పైన పెంకలు ఉన్న ఇళ్లున్నాయి. చూడగానే "కర్ర ఇల్లు, త్వరగా కూలుతుంది" అనిపిస్తుంది. అందులో సగమే నిజం.

కర్ర కాలేటప్పుడు పైన బొగ్గు పొర కడుతుంది. ఆ బొగ్గే లోపలి కర్రకు దుప్పటిలా పనిచేస్తుంది. టేకులాంటి గట్టి కర్ర నిమిషానికి సుమారు అర మిల్లీమీటరు చొప్పున లోపలికి కాలుతుందని లెక్క. నలభై నిమిషాలకు ఒక్కో వైపు 20 మిల్లీమీటర్లు. దూలం 200 మిల్లీమీటర్ల వెడల్పు, 250 ఎత్తు ఉండి, కింద, రెండు పక్కలా కాలిందనుకోండి. మిగిలేది 160 వెడల్పు, 230 ఎత్తు. వెడల్పు ఎన్ని రెట్లయితే దూలం బలం అన్ని రెట్లే అవుతుంది, ఎత్తును బట్టి మాత్రం ఎత్తు ఇంటూ ఎత్తుగా పెరుగుతుంది. ఆ ప్రకారం చూస్తే మూడింట రెండొంతుల బలం ఇంకా ఉంది.

ఇప్పుడు అదే ఇంట్లో వాసం చూడండి. 75 మిల్లీమీటర్ల చదరం. నాలుగు వైపులా కాలితే అదే నలభై నిమిషాలకు 35 మిగులుతుంది. బలం లెక్క కడితే పదో వంతు. అంటే దూలం నిలబడే ఉంటుంది, వాసాలు విరిగి పెంకలన్నీ నెత్తిమీద పడతాయి. బెంగళూరు పెంక ఒక్కటే రెండు కిలోలకు పైన తూగుతుంది. "దూలం బాగానే ఉంది సార్" అన్నవాడి భుజం మీద పెంక పడడం నేను చూశాను. కర్ర ఒకటే, మంట ఒకటే, లావు వేరు. అంతే తేడా.

ఈ ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. మట్టి గోడకు మంటతో పెద్ద పేచీ లేదు. దానికి పడనిది మన నీళ్లే. బ్రాంచితో, అంటే గొట్టం కొసన ఉండే నాజిల్‌తో, జెట్ కొడితే గోడ అడుగు మట్టి కోసుకుపోతుంది. దూలం కొస సరిగ్గా ఆ గోడ నెత్తినే కూర్చుని ఉంటుంది. మట్టి గోడల ఇంట్లో స్ప్రే పెట్టి కొట్టండి, గోడ మొదట్లోకి జెట్ పెట్టొద్దు. ఇది పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. గోడ కూలాక మా ఆఫీసర్ దగ్గర తిట్లు తిని నేర్చుకున్నది.

రేకులు

సిమెంటు రేకులు అంటే ఆస్‌బెస్టాస్ రేకులు. వేడెక్కితే ఇవి కాలవు, పేలతాయి. టపటపా అంటూ పెద్ద చప్పుడు. జనం సిలిండర్ పేలిందని పరుగెత్తుతారు. ముక్కలు చాలా దూరం ఎగురుతాయి, హెల్మెట్ అద్దం దించకుండా రేకుల కిందికి పోవద్దు. ముక్కల్లోని నార దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు తీయొద్దు, పని అయ్యాక ఆ బట్టలు అలాగే వేసుకుని ఇంటికి పోవద్దు, పిల్లలను ఎత్తుకోవద్దు.

రేకు మీద మాత్రం నడవొద్దు. మంట లేని రోజుల్లోనే రేకు విరిగి కిందపడి చచ్చిపోయిన మేస్త్రీలున్నారు. తప్పనిసరై పైకి పోతే నిచ్చెన రేకుల మీద పడుకోబెట్టి, దాని మీద బరువు పంచుకుంటూ పోవాలి. వెలుతురు కోసం అక్కడక్కడా వేసే ప్లాస్టిక్ రేకులు ఇంకా ప్రమాదం. నాలుగేళ్ల దుమ్ము పట్టాక పక్క రేకుకూ దానికీ రంగులో తేడా ఉండదు. లోపలి నుంచి పైకి చూస్తే వెలుగు కనబడుతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

ఇనుప ట్రస్సు గోదాం

ఇక్కడ నిదానంగా చదవండి. మన జిల్లాల్లో మనవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, నర్సంపేట రోడ్డు మీద, జమ్మికుంట వైపు ఎన్ని జిన్నింగ్ మిల్లులు, ఎన్ని పత్తి గోదాములో మీకు తెలుసు. దాదాపు అన్నింటికీ ఒకటే తీరు: రెండు వైపులా ఇటుక గోడ, దాని మీద సన్నటి యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ముక్కలతో అల్లిన ఇనుప ట్రస్సు, అంటే పైకప్పును మోసే చట్రం, పైన రేకులు.

ఇనుము కాలదు కాబట్టి జనం దాన్ని నమ్ముతారు. వేడికి ఇనుము రెండు పనులు చేస్తుంది. మొదట సాగుతుంది. తర్వాత మెత్తబడుతుంది. మీటరు ఇనుము ఒక్క డిగ్రీ వేడెక్కితే 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. 15 మీటర్ల ట్రస్సు 400 డిగ్రీలు వేడెక్కితే ఎంతో మీరే వేయండి: 15 ఇంటూ 0.012 ఇంటూ 400. 72 మిల్లీమీటర్లు. ఏడు సెంటీమీటర్లకు పైన. ఆ సాగినదంతా ఎటు పోవాలి? గోడను బయటికి తోస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మీది బరువును మోయడానికి కట్టారు, పక్క నుంచి వచ్చే తోపుకు కాదు.

వేడి ఇంకా పెరిగి 550 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి ఇనుముకు సగం బలం పోయి ఉంటుంది. ట్రస్సు నడుము వంగి కిందికి దిగుతుంది, ఇప్పుడు అదే గోడను లోపలికి లాగుతుంది. మనం నీళ్లు కొట్టి చల్లారిస్తే కుంచించుకుపోయి ఇంకొంచెం లాగుతుంది. అంటే గోడ బయటికి పడొచ్చు, లోపలికి పడొచ్చు. ఏ పక్క నిలబడినా గ్యారంటీ లేదు. యాంగిల్ సన్నగా ఉన్నకొద్దీ త్వరగా వేడెక్కుతుంది. లావు గర్డరు ఇచ్చేంత సమయం ట్రస్సు ఇవ్వదు.

నా సర్వీసులో రెండో వేసవి అది. ఒక పత్తి గోదాంకు పోయాం. మంట కనబడదు, పొగే. బేళ్ల లోపల నిప్పు రగులుతూ ఉంది. పత్తి బేలు బయట ఆరినట్టు కనబడుతుంది, లోపల గంటల తరబడి నిప్పు బతికే ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఎండ మాడుస్తుంటే నేనూ ఇంకో అబ్బాయీ గోడ నీడలో నిలబడి కిటికీలోంచి నీళ్లు కొడుతున్నాం. మా లీడింగ్ ఫైర్‌మన్ రిటైర్మెంట్‌కు దగ్గరున్న మనిషి. బండి దగ్గర నిలబడి మమ్మల్ని కాదు, గోడ నెత్తిని చూస్తున్నాడు. ఉన్నట్టుండి అరిచాడు:

"అరె, గోడ కాడికెళ్లి ఇవతలికి రాండ్రిరా! గిలాబు రాలుతున్నది కనబడ్తలేదా?"

"నీడ ఉన్నదని నిలబడ్డమన్నా."

"నీడ కావాలంటే చెట్టు కిందికి పో. గోడ కిందికి పోతవా?"

అప్పుడు చూశాను. ట్రస్సు కాలు గోడ మీద కూర్చున్న చోట, ప్రతి ట్రస్సు కిందా, చేతి వెడల్పున గిలాబు ఊడి ఎర్రటి ఇటుక కనబడుతోంది. అక్కడి నుంచి కిందికి వెంట్రుకంత పగులు. గోడ నిట్టనిలువుగానే ఉన్నట్టుంది, కానీ మూల దగ్గర నిలబడి పొడవునా చూస్తే మధ్యలో పొట్ట. మేం ఇవతలికి వచ్చిన పావుగంటకు ఆ గోడ బయటికే పడింది. మేం వదిలేసి వచ్చిన గొట్టం దాని కింద నలిగి పగిలిపోయింది.

గోడ పొట్ట చూసే పద్ధతి ఇది. మూలకు పోండి, ఒక కన్ను మూసుకుని గోడ అంచు వెంబడి చూడండి, మేస్త్రీ సుతిలి కట్టి చూసినట్టు. ముందు నిలబడి చూస్తే ఎప్పటికీ తెలియదు. ఇక దూరం ఎంత? గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్లు వదలండి. ఆరు మీటర్ల గోడ అయితే తొమ్మిది మీటర్లు. తప్పక దగ్గరికి పోవాల్సి వస్తే గోడ మధ్యలోకి పోవద్దు, మూల పట్టుకోండి. రెండు గోడలు కలిసిన చోటు అన్నిటికంటే ఆలస్యంగా పడుతుంది.

పత్తి సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు మన శాఖ వారోత్సవాలు చేస్తుంది కదా, అది 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలినప్పుడు చనిపోయిన ఫైర్‌మన్ల జ్ఞాపకం. ఆ ఓడలో పేలుడు సామగ్రితో పాటు ఉన్నది పత్తి బేళ్లే.

స్లాబ్

"స్లాబ్ ఇల్లు, భయం లేదు" అంటారు. కూలడం మాట నిజమే, అంత తేలికగా కూలదు. కానీ కాంక్రీటులో తేమ ఉంటుంది. వేడికి ఆ తేమ ఆవిరై బయటికి రాలేక కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. పెచ్చు ఊడితే లోపలి సలాక, అంటే ఇనుప కడ్డీ, బయటపడుతుంది. సలాక ఇనుమే, పైన చెప్పిన కథే దానికీ.

కాబట్టి స్లాబ్ ఎంతసేపు ఆగుతుందనేది సలాక కింద ఎంత కాంక్రీటు ఉందనే దాని మీద ఆధారపడుతుంది. దీన్నే కవర్ అంటారు. కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు స్లాబ్‌కు 20 మిల్లీమీటర్ల కవర్ ఉండాలి, రెండు చివరలా ఉత్తగా ఆని ఉన్న స్లాబ్ రెండు గంటలు మంటకు ఆగాలంటే 35 ఉండాలి. కడుతున్న ఇంటి దగ్గర సెంట్రింగ్ మీద సలాకలు పరిచాక పోయి చూడండి. కొందరు సిమెంటు కవర్ బిళ్లలు పెడతారు. కొందరు చేతికందిన కంకర రాయి ఒకటి దూరుస్తారు, కాంక్రీటు పోసేవాడి కాలు తగిలితే అదీ పక్కకు జరుగుతుంది. పదేళ్ల తర్వాత ఆ స్లాబ్ అడుగున తుప్పు గీతలు కనబడతాయి. అలాంటి స్లాబ్ కింద ఎక్కువసేపు ఉండొద్దు.

మంట ఆరాక కాంక్రీటు లేత గులాబీ రంగుకు తిరిగి ఉంటే అక్కడ వేడి 300 డిగ్రీలు దాటి ఉంటుందని గుర్తు. అన్ని కంకరలకూ ఆ రంగు రాదు. కాబట్టి రంగు లేదంటే వేడి లేదని అనుకోవద్దు.

స్లాబ్ ఇంకో రకంగానూ ఇబ్బంది పెడుతుంది. పెంకుటింట్లో వేడి సందుల్లోంచి పైకి పోతుంది. స్లాబ్ గదిలో ఎటూ పోదు, కప్పు కింద పేరుకుంటుంది. తలుపు తీసేముందు చేతి వెనక భాగంతో తాకి చూడమనేది అందుకే.

ఇక మన నీళ్ల బరువు. బట్టల కొట్టు, పై అంతస్తులో స్టాకు. గది 5 మీటర్లు, 6 మీటర్లు, అంటే 30 చదరపు మీటర్లు. ఇంటి స్లాబ్‌ను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు ఆగేలా లెక్క వేస్తారు, అంటే ఆ గదికి మొత్తం 6 టన్నులు. నిమిషానికి 400 లీటర్లు ఇచ్చే బ్రాంచి పావుగంట నడిస్తే 6000 లీటర్లు. అదీ 6 టన్నులే. బట్ట, పత్తి నీళ్లు పీల్చుకుని వదలవు. పైగా స్టాకు బరువు ముందే ఉంది. నీళ్లు మెట్ల మీద నుంచి కిందికి కారుతున్నాయా లేదా అని ఒకరిని కాపలా పెట్టండి. లోపలికి పోసినన్ని బయటికి రాకపోతే అవి పైనే ఉన్నట్టు.

"ఇంతకీ ఎన్ని నిమిషాలకు కూలుతుంది సార్?" అని అందరూ అడుగుతారు. మనం వచ్చిన టైం నుంచి లెక్కపెడితే తప్పు. ఎవరో పొగ చూసి, ఇంకెవరో 101కి ఫోన్ చేసి, మన బండి పోచమ్మ మైదాన్ ట్రాఫిక్ దాటి వచ్చేసరికి పైకప్పు గడియారం ఎప్పుడో మొదలైంది. అందుకే దిగగానే ఇంటివాళ్లను అడిగే మొదటి మాట "లోపల ఎవరైనా ఉన్నారా", రెండోది "ఎప్పుడు చూశారు".

ఇంటి పని

మీ ఊళ్లో ఒక గోదాం దగ్గరికి పొండి, వాచ్‌మన్‌ను అడిగి లోపలికి పోయి ట్రస్సులు ఎన్నో లెక్కపెట్టండి. రెండు గోడల మధ్య దూరం అడుగులతో కొలిచి మీటర్లలోకి మార్చుకోండి. 500 డిగ్రీల వేడికి ఒక్కో ట్రస్సు ఎంత సాగుతుందో లెక్క వేయండి. గోడ ఎత్తు చూసి, బండి ఎక్కడ ఆపుతారో నేల మీద సున్నంతో గీత గీయండి. ఆ గీత రోడ్డుకు అవతల పడితే నీళ్లు ఎక్కడి నుంచి కొడతారో రాసుకుని ఉంచండి. వచ్చే పాఠం మెట్లు, లిఫ్టుల మీద, అక్కడ ఈ కాగితం పనికొస్తుంది.