నలుగు పెట్టకముందే పట్టుచీర: పాత సైకిలుకు లావు టైర్లు వేసేవాళ్ళకు జాగ్రత్తలు

రంగు ఆఖరున వేయించండి. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు రంగు ఖర్చు రెండుసార్లు అయ్యేది కాదు. కావలి దగ్గర మా ఊళ్ళో, సావిట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న నాన్న సైకిలును బయటికి తీసి, మొట్టమొదట చేయించిన పని దానికి ముదురాకుపచ్చ రంగు, బంగారు గీతలు. ఆ తర్వాత తీరిగ్గా చక్రాలు, టైర్లు కొన్నాను. వెనక చక్రం ఫ్రేములో కూర్చోలేదు. పైపుల్ని పక్కకి లాగితే కొత్త రంగు పెచ్చులు లేచింది. బ్రేకు రబ్బర్లు రిమ్మును అందుకోనేలేదు. మా వీధి మెకానిక్ చూసి, "ఏంది సామీ, నలుగు పెట్టకముందే పట్టుచీర కట్టినావే" అన్నాడు.

ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళు వేసవిలోనే మొదలుపెట్టి చిత్త కార్తె లోపల ముగించుకోండి. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అరకొరగా బిగించిన సైకిలును మొదటిసారి వాయుగుండం వానలో తొక్కి చూడటం మంచిది కాదు. ఎందుకో బ్రేకుల దగ్గర చెబుతాను.

లావు టైరు అంటే ఇక్కడ 38 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పున్న రోడ్డు టైరు. ఇసుకలో తిరిగే 4 అంగుళాల టైర్లకు ఫ్రేము, హబ్బు (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగం), ఇరుసు అన్నీ వేరుగా చేస్తారు. అవి ఈ పాత ఫ్రేముల్లోకి ఏ సుత్తితో కొట్టినా దూరవు.

డబ్బు పెట్టకముందే ఫ్రేమును ఎండలో పెట్టి చూడండి. హ్యాండిల్ కింద రెండు పైపులు కలిసే చోట, కింది పైపు అడుగున రంగు ముడతలు పడి ఉన్నా, వేలితో తడిమితే చిన్న ఉబ్బు తగిలినా ఆ సైకిలు ఎప్పుడో దేన్నో గుద్దుకుందని అర్థం. పెడల్ ఇరుసు చుట్టూ, వెనక చక్రం నట్లు బిగించే చోట సన్నటి పగుళ్ళు వెతకండి. గుడ్డతో తుడిచాక కూడా గీత లాగా తుప్పు నీరు కారుతుంటే అది గీత కాదు, పగులు. సముద్రం పక్క ఊళ్ళ సైకిళ్ళయితే పైకి ఎంత బాగున్నా నమ్మకండి. ఉప్పుగాలికి పైపులు లోపలినుంచి తుప్పు పడతాయి. సీటు పోస్టు లాగి, లోపలికి టార్చి వేసి చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో పైపు పొడవునా తడుతూ పోతే తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుబారుతుంది.

పగులు కనబడితే దగ్గర్లో ఉన్న గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళకండి. పాత సైకిళ్ళలో చాలావాటి పైపులు లగ్గుల్లో, అంటే పైపులు కలిసే చోట ఉండే తొడుగుల్లో, దూర్చి ఇత్తడితో అతికినవి. ఇత్తడి ఉన్నచోట ఆర్క్ వెల్డింగ్ సరిగ్గా పట్టదు, పట్టినట్టు కనిపించి తర్వాత విడిపోతుంది. గ్యాసుతో ఇత్తడి మాటు వేసే పాత చేతులు దొరికితే సరే. లేకపోతే ఆ ఫ్రేమును గోడకు తగిలించుకోండి.

ఇక టైరు సైజు. అందరూ బోల్తాపడేది "28" అనే అంకె దగ్గర. నాన్నల కాలపు నల్ల సైకిలుకు ఉండే 28 అంగుళాల రిమ్ము కొలత 635 మి.మీ. ఇప్పటి హైబ్రిడ్ సైకిలు టైరు మీద కూడా 28 అని ఉంటుంది, దాని రిమ్ము 622. ఒకదాని టైరు ఇంకొకదానికి ఎక్కదు. పాత గేర్ల రేసింగ్ సైకిళ్ళలో కనిపించే 27 అంగుళాలు 630. దుకాణంలో 27.5 అని అమ్మే టైరు మాత్రం 584, అంటే 27 కన్నా చాలా చిన్నది! కాబట్టి అంగుళాలు వదిలేయండి. టైరు పక్కన 40-622 లాంటి అంకె అచ్చుపోసి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము. రెండోది కలిస్తేనే కొనండి.

నా మాట అడిగితే, నల్ల సైకిలు ఫ్రేముకు 622 రిమ్ము, 40 టైరు సరైన జోడీ. పాత చక్రం కన్నా ఎత్తు కొద్ది మిల్లీమీటర్లే తగ్గుతుంది, సైకిలు నడక మారదు. 584 రిమ్ము, 42 టైరు వేస్తే సైకిలు రెండు సెంటీమీటర్ల పైన కిందికి దిగుతుంది, మలుపులో వంగినప్పుడు పెడల్ నేలకు కొట్టుకుంటుంది. రేసింగ్ ఫ్రేముల సంగతి వేరు. వాటిలో టైరుకు చోటు తక్కువ కాబట్టి చిన్న రిమ్ము వేసి లావు టైరు పెట్టుకోవడమే దారి. అప్పుడూ పెడల్ ఎత్తు కొలుచుకోవాల్సిందే.

టైరుకూ పైపుకూ మధ్య రెండు పక్కలా కనీసం 5 మి.మీ. ఖాళీ ఉండాలి. కొత్త టైరుకు గాలి కొట్టి ఒక రోజు వదిలేశాక కొలవండి, కాస్త సాగుతుంది. నిలబడి తొక్కినప్పుడు చక్రం పక్కకి ఊగుతుందని కూడా గుర్తుంచుకోండి. ప్రకాశం వైపు నల్లరేగడి దారుల్లో తిరిగేవాళ్ళు ఇంకా ఎక్కువ చోటు వదలాలి. వాన పడ్డాక ఆ మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలా పట్టేసిందంటే చక్రం తిరగదు, సైకిలును మీరే మోయాలి.

అన్నిటికన్నా పెద్దది బ్రేకు. నల్ల సైకిలుకుండే కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టవు, పుల్లలు కనబడే లోపలి వైపును పట్టుకుంటాయి. కొత్త అల్యూమినియం రిమ్ముకు అవి పనికిరావు. అలాగని పాత స్టీలు రిమ్మే ఉంచి కొత్త కాలిపర్ బ్రేకు (రెండు చేతులతో రిమ్మును పక్కలనుంచి పట్టేది) వేస్తే, ఆ రిమ్ము పక్కలు గుండ్రంగా ఉండి రబ్బరుకు చోటు దొరకదు. పైగా స్టీలు రిమ్ము తడిసిందంటే బ్రేకు నొక్కినా చాలా దూరం జారిపోతుంది. వానల్లో తొక్కేవాళ్ళకు అల్యూమినియం రిమ్ము సోకు కాదు, అవసరం.

చక్రం పెట్టి చూసి, బ్రేకు బిగించే రంధ్రం నుంచి రిమ్ము పక్క నడుమకు ఎంత దూరముందో కొలవండి. మామూలు కాలిపర్ 47 నుంచి 57 మి.మీ. దాకా అందుకుంటుంది. పొడుగు చేతులవి 73 దాకా దొరుకుతాయి. అంతకు మించితే రిమ్మే మార్చుకోవాలి. చేతుల కింద లావు టైరు తగలకుండా తిరుగుతోందా అన్నది కూడా అప్పుడే చూడాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు నెత్తిన రంధ్రమే లేకపోతే అక్కడ డ్రిల్లు పెట్టొద్దు, రంధ్రం ఉన్న ఫోర్కు వెతుక్కోండి. డిస్కు బ్రేకు కోసం పాత ఫోర్కుకు పట్టీ వెల్డింగ్ చేయిస్తామనేవాళ్ళుంటారు. ఆపే బలమంతా ఫోర్కు ఒక కాలి చివర పడుతుంది, ఆ ఫోర్కు దానికోసం చేసింది కాదు. అది వంగితే మీరు ముందుకి పడతారు, వెనక లారీ ఉంటుంది.

బిగించాక చెంబుడు నీళ్ళు రిమ్ముల మీద పోసి, సందులో నెమ్మదిగా తొక్కి బ్రేకు వేసి చూడండి. తడిలో ఆగనిది పొడిలో ఎంత బాగా ఆగినా లెక్కలోకి రాదు.

వెనక హబ్బు ఫ్రేము కన్నా వెడల్పయితే పైపుల్ని ఎడం చేసుకోవచ్చు, కానీ స్టీలుకే. అల్యూమినియం అయితే ముట్టుకోవద్దు. నాలుగైదు మిల్లీమీటర్లయితే ఫరవాలేదు, పది దాటితే చిన్న హబ్బు చూసుకోండి. ఏడు గేర్ల మోజులో పాత ఫ్రేమును చీల్చకండి. ఎడం చేశాక హ్యాండిల్ పైపు నుంచి వెనక చక్రం కూర్చునే చోటుదాకా రెండు వైపులా దారం కట్టి, సీటు పైపుకు ఇటూ అటూ దూరం సమానంగా ఉందో చూడాలి. ఒకటే పక్క వంగి ఉంటే సైకిలు పీతలా నడుస్తుంది.

కాటర్ పిన్ను (పెడల్ బిగించే క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది) కొట్టించేటప్పుడు క్రాంకు కింద పైపు ముక్కో, చెక్కో ఆనించమనండి. ఆనకుండా కొడితే దెబ్బ లోపలి బాల్స్ మీద పడి గుంటలు చేస్తుంది. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. తెలియక బలవంతంగా తిప్పి క్రాంకు పాడుచేసుకున్నవాళ్ళలో నేనొకణ్ణి.

తుప్పు వదిలించడానికి బాత్రూం కడిగే యాసిడ్ వాడకండి, క్రోమింగ్‌ను తినేస్తుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడిగా గీకొద్దు. తడి ఎమెరీ కాగితంతో, మాస్కు పెట్టుకుని, పిల్లలు లేనిచోట గీకండి. పైపుల లోపల 'బాయిల్డ్ లిన్‌సీడ్' పేరుతో అమ్మే అవిసె నూనె (ఇంట్లో మరిగించేది కాదు) పోసి అటూ ఇటూ తిప్పి ఆరబెడితే ఉప్పుగాలి నుంచి కాపాడుతుంది. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే నిప్పంటుకుని మండుతాయి. పరిచి ఆరేయండి, లేదా నీళ్ళలో ముంచండి.

ఇదంతా సరిచూసుకున్నాక అప్పుడు రంగు.

లావు టైరుకు గాలి తక్కువ చాలు. నా బరువు 70 కిలోలు, ముందు 40, వెనక 45 పీఎస్‌ఐ పెడుతున్నాను. కాలవగట్ల వెంట సర్కారు తుమ్మ ముళ్ళకు లావూ సన్నం తేడా లేదు, స్పేర్ ట్యూబు, పంపు లేకుండా పోవద్దు. ట్యూబు వాల్వు మీ పంపుకు సరిపోతుందో ఇంట్లోనే చూసుకోండి. మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత పుల్లలు సర్దుకుని వదులవుతాయి, బెండు తీయించండి, నట్లన్నీ మళ్ళీ బిగించండి. అప్పటిదాకా హైవే ఎక్కొద్దు.

మైపాడు బీచిలో నీళ్ళ అంచున తొక్కాలని ఎవరికైనా అనిపిస్తుంది. తొక్కితే ఆ రాత్రే మంచినీళ్ళతో కడగండి. సీటు పోస్టు లాగి, సైకిలును తలకిందులుగా పెట్టి, లోపల చేరిన నీళ్ళు పూర్తిగా కారాకే లోపల పెట్టుకోండి.