ముందు మెకానిక్‌ను గీయండి: గేముల కోసం యుద్ధవాహనాల డిజైన్

గేమ్ స్టూడియోలోకి రాకముందు ఆరేళ్లు నేను ట్రాక్టర్లకు మీటలు, సీట్లు, ఇంజిన్ మూతలు గీశాను. అక్కడ మా పెద్దాయన ఏ బొమ్మ తీసుకెళ్లినా ఒకటే అడిగేవారు: "ఫిల్టర్ మార్చాలంటే ఎన్ని బోల్టులు విప్పాలి?" బొమ్మ బాగుందా లేదా అన్న మాట ఆ జవాబు చెప్పాకే. అప్పట్లో నాకు మహా విసుగ్గా ఉండేది.

గేముల్లోకి వచ్చాక ఆ ప్రశ్న బెడద వదిలిందని సంబరపడి, మొదటి ట్యాంకును ఇష్టారాజ్యంగా గీశాను. ముందు కోరలు, పక్కల ముళ్లు, పైన గుండ్రంగా తిరిగే టరెట్‌కు రెండు ఫిరంగి గొట్టాలు, వెనక నిటారుగా మూడు పొగగొట్టాలు. రెండు వారాలు పట్టింది. మోడళ్లకు కదలిక ఇచ్చే సహోద్యోగి దాన్ని తెర మీద ఒక చుట్టు తిప్పి, "టరెట్ వెనక్కి తిరిగితే ఫిరంగులు పొగగొట్టాల్లోంచి దూరిపోతున్నాయి. ముందుకు తిప్పి ఉంచితే డ్రైవరు మూత తెరుచుకోదు. లోపలి మనిషి ఎలా దిగాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ట్యాంకు ఆటలోకి వెళ్లలేదు.

అప్పటి నుంచి కాగితం మీద మొదట మనిషిని గీస్తాను, తరువాతే బండిని. ఆ మనిషి కూడా ఫిరంగి పేల్చేవాడు కాదు, బండి చెడిపోతే బాగుచేసేవాడు. ఇంజిన్ ఎక్కడుందో ఆటగాడికి తెలియనక్కర్లేదు. గీసినవాడికి తెలియకపోతే మాత్రం ఇట్టే పసిగడతాడు. కారణం చెప్పలేడు, "ఆటబొమ్మలా ఉంది" అని ఊరుకుంటాడు. ఆ మాట పడకుండా ఉండటానికి నేను చేసేదంతా ఒక బండిని మొదటి నుంచీ గీస్తూ చెబుతాను.

ముందు అర పేజీ రాత, తరువాత లెక్క

గీత గీయకముందు ఐదు సంగతులు రాసుకోండి. బండి ఏ నేల మీద తిరుగుతుంది? ఏం మోస్తుంది? ఎలాంటి కార్ఖానాలో తయారవుతుంది? యుద్ధభూమి దాకా ఎలా చేరుతుంది? చెడిపోతే ఎవరు చూస్తారు? మన బండికి నా జవాబులు ఇవి: చిత్తడి నేల. ఇద్దరు సిబ్బంది, ఎనిమిది మంది సైనికులు. ఉక్కు పలకలు కోసి వెల్డింగ్ చేసే మామూలు కార్ఖానా. రైలు. ఒక మెకానిక్, ఒక సహాయకుడు, ఎడతెగని వాన.

వీటిలో నేల మాట అందరికంటే ముందు వినాలి. మొదటి ప్రపంచయుద్ధంలో, 1916 సెప్టెంబరులో, సోమ్ పోరులో దిగిన బ్రిటిష్ మార్క్ 1 ట్యాంకు పక్కనుంచి చూస్తే ఏటవాలు చతుర్భుజంలా ఉంటుంది. అది ఎవరి అభిరుచీ కాదు. వెడల్పాటి కందకాలు దాటాలి కాబట్టి ట్రాకును, అంటే లింకులతో అల్లిన ఇనుప పట్టాను, బాడీ చుట్టూ తిప్పారు, ఆ ఆకారం వచ్చింది. మీరు సృష్టించిన లోకంలో నేల ఎలా ఉందో తేల్చుకుంటే సగం ఆకారం దానంతటదే వస్తుంది.

మన బండి బరువు 24 టన్నులు అనుకుందాం. ఇది గాలిలోంచి తీసిన అంకె కాదు. ఒక చదరపు మీటరు ఉక్కు పలక, ఒక సెంటీమీటరు మందానికి 78.5 కిలోలు తూగుతుంది. 6 మీటర్ల పొడవు, 2.8 వెడల్పు, 1.8 ఎత్తున్న పెట్టెకు అన్ని వైపులా కలిపి సుమారు 65 చదరపు మీటర్లు. 2 సెంటీమీటర్ల పలక వేస్తే ఆ పెట్టెకే పది టన్నులు పైబడతాయి. ఇంజిన్, ట్రాకులు, మనుషులు, మందుగుండు కలిస్తే 24 సమంజసమే.

చిత్తడిలో దిగబడకుండా ఉండాలంటే చదరపు సెంటీమీటరుకు 0.4 కిలోల ఒత్తిడి మించకూడదని పెట్టుకున్నాను. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే. 60 టన్నుల ట్యాంకుది దాదాపు ఒక కిలో. 24,000 కిలోలను 0.4తో భాగిస్తే 60,000 చదరపు సెంటీమీటర్లు, అంటే 6 చదరపు మీటర్లు. రెండు ట్రాకులు, ఒక్కోదానికి 3. నేలను తాకే పొడవు 4 మీటర్లయితే ట్రాకు వెడల్పు 75 సెంటీమీటర్లు. ఇంకో నియమం: నేలను తాకే పొడవును రెండు ట్రాకుల మధ్య దూరంతో భాగిస్తే 1 నుంచి 1.8 లోపు రావాలి. అంతకు మించితే బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది. నేను 1.5 తీసుకున్నాను, ట్రాకుల మధ్యరేఖల దూరం 2.67 మీటర్లు వచ్చింది. దానికి 75 సెంటీమీటర్లు కలిపితే మొత్తం వెడల్పు 3.42.

అది రైలెక్కదు. ఐరోపాలో వ్యాగను మీద వెళ్లే సరుకు వెడల్పు సుమారు 3.15 మీటర్లు దాటకూడదు. "ఊహాలోకమే కదా, రైలు పెద్దది చేసేద్దాం" అనిపిస్తుంది. ఆ పని చేయకండి. ఇలా ఇరుకున పడ్డప్పుడే బండికి సొంత రూపం దొరుకుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ టైగర్ ట్యాంకుకు ఇదే చిక్కు వచ్చింది. 725 మిల్లీమీటర్ల ట్రాకులు విప్పి, బయటి వరస చక్రాలు తీసి, 520 మిల్లీమీటర్ల ట్రాకులు తొడిగి రైలెక్కించేవారు. నేను మన బండి ట్రాకులో ప్రతి లింకుకూ బయటివైపు 30 సెంటీమీటర్ల ముక్కను బోల్టులతో బిగించాను. రెండు వైపులా విప్పేస్తే వెడల్పు 2.82కు దిగుతుంది. విప్పిన ముక్కలు ఎక్కడ పెట్టాలి? వెనక తలుపుకు అటూ ఇటూ ఇనుప చట్రాల్లో, పుస్తకాల వరసలా పేర్చాను. చివరికి బండిని గుర్తుపట్టే ఆనవాలు అదే అయింది. కోరలు గీసిన రోజుల్లో రెండు వారాలు వెతికినా ఇలాంటిది తట్టలేదు.

రెండు కాళ్ల మీద నడిచే యంత్రాలు అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. నడిచేటప్పుడు మొత్తం బరువు ఒక పాదం మీదే పడుతుందని గుర్తుంచుకోండి. 40 టన్నుల యంత్రానికి ఒక చదరపు మీటరు పాదం వేస్తే చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. పాదం పెంచండి, లేదా కథను రాతి నేల మీదికి మార్చండి.

లోపలి నుంచి బయటికి

అమెరికా డిజైనర్ హెన్రీ డ్రేఫస్ మనుషుల కొలతలతో జో, జోసెఫిన్ అనే రెండు బొమ్మలు తయారు చేసుకున్నాడు. టెలిఫోన్లకు, ట్రాక్టర్లకు రూపం ఇచ్చిన మనిషి ఆయన. మనకూ అలాంటి బొమ్మ ఒకటి కావాలి, కాకపోతే హెల్మెట్, కవచం, వీపున సంచీతో. అలాంటి సైనికుడికి భుజాల దగ్గర 65 సెంటీమీటర్లు వదులుతాను. వరసకు నలుగురంటే 2.6 మీటర్లు. ట్రాకుల మధ్య నేలపట్టు ఖాళీ 1.92 మీటర్లు. ఎదురెదురుగా కూర్చుంటే వీపు నుంచి మోకాలి దాకా ఒక్కొక్కరికి 60, మధ్యలో పాదాలకు 72 సెంటీమీటర్లు మిగులుతాయి. ఇరుకే, కానీ సరిపోతుంది. సరిపోతుందని నాకు తెలుసు కాబట్టి బయటి పలకల మీద గీతలు వణకవు.

సైనికులు వెనకనుంచి దిగాలంటే ఇంజిన్ ముందుండాలి. 1979లో సేవలోకి వచ్చిన ఇజ్రాయెల్ మెర్కావా ట్యాంకులో అలాగే ఇంజిన్ ముందు, తలుపు వెనక ఉంటాయి. మన బండిలో ముందు కుడివైపు ఇంజిన్, ఎడమవైపు డ్రైవరు. ఇక్కడే మెకానిక్‌ను నిలబెట్టండి. లెపర్డ్ 2 ట్యాంకులో ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే దిమ్మగా పైకి లేస్తాయి. మనమూ అలాగే చేద్దాం. అంటే దిమ్మకంటే పెద్ద మూత, ఆ మూతకు బందులు, ఎత్తడానికి నాలుగు కొక్కేల కళ్లు, చుట్టూ బోల్టులు. చాలామంది అందం కోసం ఎడాపెడా గీసే అతుకుల గీతలు మన బండిలో ఈ మూత అంచుల్లోనే వస్తాయి. ఏ గీతను చూపినా "ఇది ఎందుకు తెరుచుకుంటుంది?" అని అడగండి, జవాబు లేకపోతే చెరిపేయండి.

కవచం వాలుగా ఉంటే బలమని అందరికీ తెలుసు. సోవియట్ ట్యాంకు టీ-34 ముందు పలక 45 మిల్లీమీటర్లే, కానీ నిట్టనిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చడంతో ఎదురుగా వచ్చే గుండుకు 90 మిల్లీమీటర్ల దళసరి తగులుతుంది. అలాగని నాలుగు వైపులా వాల్చేస్తే లోపలి మనుషుల భుజాలకు చోటు పోతుంది. ముందు మాత్రం వాల్చి, పక్కలు నిలువుగా ఉంచాను.

టరెట్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఫిరంగి గొట్టం ఒక ఇరుసు మీద ఊగే తూనిక లాంటిది. బయటి కొస కిందికి దిగితే లోపలి కొస, అంటే మడమ, పైకి లేస్తుంది. టరెట్ కప్పు చదునుగా, కిందికి ఉంటే మడమ కప్పుకు కొట్టుకుంటుంది, గొట్టం కిందికి దిగదు. గుట్ట వెనక నక్కి కిందికి పేల్చాలంటే టరెట్ ఎత్తు పెరగాలి. సోవియట్ ట్యాంకులు పొట్టిగా ఉండటానికి, అవి సుమారు 6 డిగ్రీలే కిందికి వంచగలగడానికి, పాశ్చాత్య ట్యాంకులు 10 దాకా వంచగలగడానికి వెనక ఈ లెక్క ఉంది. పేలినప్పుడు మడమ వెనక్కి దూకుతుంది, దానికీ చోటు వదలాలి. టరెట్‌ను పైనుంచి గీసి, గొట్టాన్ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, దేనికి తగులుతుందో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టండి. పది నిమిషాల పని. నాకు రెండు వారాలు మిగిలేవి.

పరిశీలనకు ఒక డబ్బా

బండ్ల ఫొటోలు వందలు పోగేసుకునే ముందు జెర్రీక్యాన్‌ను తీరిగ్గా చూడండి. 1930లలో జర్మన్లు తయారు చేసిన 20 లీటర్ల ఇంధనపు డబ్బా అది. పైన మూడు పిడులు. నిండు డబ్బాను ఒక్కడు మధ్య పిడితో పట్టుకుంటాడు, ఇద్దరైతే చెరో అంచు పిడి పట్టుకుంటారు, ఖాళీవి రెండు పక్కపక్కన పెట్టి లోపలి అంచు పిడులు కలిపి ఒక్క చేత్తో మోయవచ్చు. పక్కలకు గుణకారపు గుర్తులా నొక్కిన గాడి రేకును బిరుసు చేస్తుంది, వేడికి ఇంధనం ఉబ్బితే చోటిస్తుంది. మూత మీటతో మూసుకుంటుంది, స్పానరు అక్కర్లేదు. ఒక్క గీత కూడా అలంకారం కాదు, అయినా వంద గజాల దూరం నుంచి గుర్తుపడతాం.

దీన్ని చూశాక మన బండికి మూడు మార్పులు చేశాను. వెనక చట్రంలోని ముక్కలకు చేతొడుగు వేసుకున్న చేయి పట్టేంత పిడి పెట్టాను. బోల్టులన్నీ ఒకే సైజుకు తెచ్చాను, మెకానిక్‌కు ఒక్క స్పానరు చాలు. టైగర్‌లో ఒకదాన్నొకటి కప్పుకున్న చక్రాల వరసల్లో బురద గడ్డకట్టేది, లోపలి చక్రం మార్చాలంటే బయటివి కొన్ని విప్పాల్సి వచ్చేది. మనది చిత్తడి కాబట్టి చక్రాలు విడివిడిగా, మధ్య బురద జారిపోయేలా పెట్టాను.

కెమెరా ఎక్కడుంది?

ఇక్కడ నా పాత వృత్తి అక్కరకు రాలేదు. ట్రాక్టరును కొనేవాడు ముందునుంచి చూస్తాడు. గేములో బండి నడిపేవాడు గంటల తరబడి దాని వీపే చూస్తాడు. నేను చాలాకాలం ముందుభాగం మీద ప్రాణం పెట్టి, వెనక భాగం చివరి రోజు ముగించేవాణ్ణి. ఇప్పుడు వెనకనుంచి, కొంచెం పైనుంచి కనిపించే దృశ్యమే మొదట గీస్తాను.

ఆకారాన్ని పూర్తి నలుపుతో నింపి, బొటనవేలి గోరంత చేసి చూడండి. శత్రువు బండి పక్కన పెట్టినా తేడా తెలియాలి. తెలియకపోతే కొలతలను కొద్దిగా మోసం చేయండి. గొట్టం లావు పెంచవచ్చు, చక్రాలు కాస్త పెద్దవి చేయవచ్చు. మనుషులు తాకే వాటిని మాత్రం మార్చకండి. మెట్టు, పిడి, మూత సరైన కొలతలో ఉంటేనే మిగతాదంతా ఎంత పెద్దదో కన్ను అంచనా వేస్తుంది. బలహీనమైన చోటు కావాలంటే ఎర్రగా మెరిసే గుండ్రం పెట్టనక్కర్లేదు. ఇంజిన్‌కు గాలి కావాలి, గాలి వచ్చే చోట మందపాటి కవచం ఉండదు. జాలీ కనిపిస్తే ఆటగాడు అక్కడే కాలుస్తాడు.

అరుగుదల కూడా మనుషుల వెంటే వెళుతుంది. పిడుల దగ్గర, మెట్టు అంచున, డ్రైవరు మూత చుట్టూ రంగు పోతుంది. ట్రాకులు నేలను తాకే చోట మెరుస్తాయి, మిగతా భాగం తుప్పు పడుతుంది. పొగగొట్టం వెనక మసి. అన్ని అంచులకూ సమానంగా గీతలు పెట్టే బ్రష్షు ఒకటి ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది, నాకు దాని మీద మంట.

మోడల్ చేసేవారికి అందంగా వేసిన పెయింటింగ్ ఒక్కటే ఇస్తే వాళ్లు మిగతాది ఊహించుకుంటారు. ముందు, పక్క, పైన, వెనక చూపులు కొలతలతో ఇవ్వండి. కదిలే ప్రతి భాగానికి ఇరుసు ఎక్కడ, ఎన్ని డిగ్రీలు అన్నది రాయండి. పక్కన ఎప్పుడూ ఒక మనిషి బొమ్మ ఉండాలి.

ఈ బండి కాగితాలు అప్పగించిన రోజు నాకు చాలా గర్వంగా ఉంది. పాత ట్యాంకును ఆటలోకి వెళ్లనివ్వని సహోద్యోగే వాటిని తిరగేశాడు. వెనక చట్రాలను మెచ్చుకున్నాడు, టరెట్‌ను ఒక చుట్టు తిప్పి తలూపాడు. తరువాత, "ఇది చిత్తడిలో దిగబడితే తాడు దేనికి కట్టి లాగుతారు?" అన్నాడు. మరుసటి ఉదయం కూర్చుని ముందు రెండు, వెనక రెండు కొక్కేలు గీశాను.