పార్కిన్సన్స్‌లో కదలికల చిక్కులు: ముప్పును ముందే అంచనా వేసుకోవడం ఎలా?

పార్కిన్సన్స్ వ్యాధికి లెవోడోపా అనే మందు మొదలుపెట్టిన తొలి ఏళ్లలో మూడు పూటలా మాత్ర వేసుకుంటే చాలామందికి రోజంతా సాఫీగానే గడుస్తుంది. కొన్నేళ్లకు తరువాతి మాత్ర వేళ కాకముందే ఒళ్లు బిగుసుకుపోయి అడుగు పడకపోవడం, లేదా మందు బాగా పనిచేస్తున్న సమయంలోనే మెడ, చేతులు, నడుము వాటంతట అవే మెలికలు తిరుగుతూ ఊగడం మొదలవుతుంది. మొదటిదాన్ని డాక్టర్లు వేరింగ్ ఆఫ్ అనీ, రెండోదాన్ని డిస్కైనీషియా అనీ అంటారు. ఇవి ఎవరికి త్వరగా రావచ్చో ఇంటివారు చాలావరకు ముందే అంచనా వేసుకోవచ్చు.

ముందుగా జబ్బు తొలి లక్షణం ఏ ఏడాది, ఏ వయసులో కనిపించిందో రాసి పెట్టుకోవాలి. 50 ఏళ్ల లోపు మొదలైనవారికి, ముఖ్యంగా డిస్కైనీషియా విషయంలో, ముప్పు ఎక్కువ. మాత్ర మొదలైన తేదీ కంటే జబ్బు మొదలైన తేదీయే ఇక్కడ ముఖ్యం. ఘనా, ఇటలీ రోగులను పోల్చి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఘనా వారు లెవోడోపాను చాలా ఆలస్యంగా మొదలుపెట్టినా, జబ్బు మొదలైన దగ్గరనుంచి లెక్కిస్తే ఈ చిక్కులు రెండు దేశాల్లోనూ ఇంచుమించు ఒకే సమయానికి వచ్చాయి. కాబట్టి భవిష్యత్తులో ఏదో అవుతుందన్న భయంతో, అవసరమైన మాత్రను వాయిదా వేస్తూ మంచానికి పరిమితం కావడం ఏమాత్రం మంచిది కాదు.

మోతాదును మాత్రం జాగ్రత్తగా లెక్క వేయాలి. 110 అని పిలిచే మాత్రలో లెవోడోపా 100 మిల్లీగ్రాములు, 275లో 250 ఉంటుంది, మిగతాది దానికి తోడుగా కలిపే కార్బిడోపా అనే మందు. రోజు మొత్తంలో వేసుకునే లెవోడోపాను శరీర బరువుతో భాగించి చూడండి. రోజుకు 450 మిల్లీగ్రాములు 75 కిలోల మనిషికి కిలోకు 6 చొప్పున పడితే, 45 కిలోల మనిషికి 10 చొప్పున పడుతుంది. రోజుకు 400 దాటిన కొద్దీ ముప్పు పెరుగుతుందని, తక్కువ బరువున్నవారికీ స్త్రీలకూ అది మరింత ఎక్కువని పరిశోధనలు చూపాయి. ఈ జబ్బులో బరువు తగ్గడం మామూలే కనుక కొన్ని నెలలకోసారి తూకం చూసి లెక్క మళ్లీ వేయాలి. దూలగొండి గింజల పొడి వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. అందులో ఉన్నదీ లెవోడోపాయే.

తరువాతి పని డైరీ. డాక్టరును కలిసే ముందు కనీసం మూడు రోజులపాటు, మెలకువగా ఉన్న ప్రతి అరగంటకూ కదలిక బాగుందా, బిగుసుకుపోయిందా, ఊగుతున్నారా అన్నది గళ్ల కాగితంలో నమోదు చేసి, మాత్ర వేళలనూ భోజన వేళలనూ పక్కనే రాయాలి. ఇంటివారు తరచూ పొరబడేది ఇక్కడే: ఊగడాన్ని వణుకు అనుకుని మాత్ర పెంచేస్తారు. వణుకు చేయి ఒళ్లో ఖాళీగా పెట్టుకున్నప్పుడు ఒకే లయలో వస్తుంది, మందు తగ్గిన వేళ పెరుగుతుంది. డిస్కైనీషియా లయ లేకుండా మెలికలుగా సాగుతుంది, ఎక్కువగా మాత్ర వేసుకున్న గంటా రెండు గంటల మధ్య కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే ఫోన్‌లో వీడియో తీసి, సమయం చెప్పి చూపించండి.

మాత్రను భోజనానికి అరగంట ముందు వేసుకోవడం మేలు, ఎందుకంటే పప్పు, పెరుగు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ లెవోడోపా మెదడుకు చేరడానికి అడ్డుపడుతుంది. ఐరన్ మాత్రలను దానితో కలిపి వేసుకోకూడదు. మలబద్ధకాన్నీ పట్టించుకోవాలి.

డైరీ చూశాక డాక్టరు ఒక్కో మోతాదును తగ్గించి ఎక్కువసార్లు ఇవ్వవచ్చు, ఎంటకపోన్ లేదా రాసాజిలిన్ అనే మందులు జతచేయవచ్చు, ఊగడం తగ్గడానికి అమాంటడిన్ రాయవచ్చు. ఊగుతున్నారని లెవోడోపాను సొంతంగా ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన జ్వరం, కండరాల బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరినా ఈ మాత్రల వేళలను కాగితం మీద రాసి నర్సుకు ఇవ్వండి.