అద్దె గదిలో వంట: పప్పు ఉడకకపోతే, అన్నం ముద్దయితే ఏం చేయాలి?

హైదరాబాదులో అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వంటి చోట్ల గది అద్దెకు తీసుకొని చదువుకునే విద్యార్థులు అన్నం ఒక్కటీ గదిలో వండుకొని, కూరలు కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోవడం మామూలే. అందులో తప్పేమీ లేదు గాని, ఒక పప్పు, ఒక చారు, ఒక వేపుడు చేతనైతే ఖర్చు తగ్గడమే కాక భోజనం మీద ఇష్టం కూడా పెరుగుతుంది. సొంత వంట మొదలుపెట్టిన చాలామంది వారం తిరక్కుండానే మానేయడానికి కారణం వెతికితే, నీళ్ల కొలత, మంట, దినుసులు వేసే వరుస, ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మూడు లీటర్ల కుక్కరు, ఒక ఇండక్షన్ స్టవ్వు లేదా 5 కిలోల సిలిండరు ఉన్న గదిలో ఒకరిద్దరికి వండుకునేటప్పుడు తరచుగా ఎదురయ్యే చిక్కులను, వాటి కారణాలను, సరిచేసుకునే తీరును ఇక్కడ చూద్దాం.

కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంది

విద్యార్థుల గదుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీనికి మూడు కారణాలుంటాయి. మొదటిది బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజలోని పెక్టిన్‌ను గట్టిపరచడం వల్ల గింజ మెత్తబడదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతూ ఉంటే మీ నీళ్లు అలాంటివేనని అనుకోవచ్చు. రెండోది పాత పప్పు. ఏళ్ల తరబడి నిల్వ ఉన్న పప్పు ఎంత మంచి నీళ్లలోనైనా ఆలస్యంగానే ఉడుకుతుంది. మూడోది పులుపు. చింతపండు, గోంగూర, పుల్లటి టమాటాలు ముందే వేస్తే పప్పు మెత్తబడటం నెమ్మదిస్తుంది.

వీటిలో ఏది అసలు కారణమో తేల్చుకోవడం సులభం. అదే పప్పును మరునాడు పులుపేమీ వేయకుండా, తాగే క్యాన్ నీళ్లతో వండి చూడండి. మెత్తగా ఉడికితే తప్పు బోరు నీళ్లదో, ముందు వేసిన పులుపుదో అవుతుంది. అప్పటికీ ఉడకకపోతే పప్పు పాతదని తెలుసుకొని దుకాణం మార్చడం మంచిది.

ఉడకడానికి సరైన పద్ధతి ఇది: పప్పును కడిగి అరగంట నానబెట్టి, కప్పు పప్పుకు మూడు కప్పుల నీళ్లు పోసి, చిటికెడు పసుపు, పొంగు తగ్గడానికి అర చెంచా నూనె వేసి, మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి మరో మూడు రానివ్వాలి, ఆపిన వెంటనే మూత తీయడానికి తొందరపడకుండా, ఆవిరి దానంతట అదే దిగేదాకా ఆగాలి. గోంగూర అయితే వేరే గిన్నెలో మగ్గించి, మెత్తగా ఎనిపిన పప్పులో తరువాత కలపాలి.

ఈ పూటకు పప్పు ఇప్పటికే పలుకుగా దిగిందనుకుంటే, చల్లటి నీళ్లు పోయకుండా కప్పు వేడినీళ్లు పోసి ఇంకో రెండు విజిల్స్ పెట్టండి. అప్పటికీ లొంగకపోతే పైన తేరిన కట్టు వంచుకొని చారు పెట్టుకోవడం ఉత్తమం; పప్పుచారు చాలా ఇళ్లలో పుట్టేది ఇలాంటి రోజుల్లోనే కాబోలు. వంటసోడా వేస్తే పప్పు త్వరగా ఉడుకుతుందన్నది నిజమే గాని, దానివల్ల బి1 విటమిన్ నశిస్తుంది, మోతాదు మించితే సబ్బు రుచి వస్తుంది, కాబట్టి దాన్ని అలవాటు చేసుకోకూడదు.

కుక్కర్ మూత పక్కల నుంచి ఆవిరి పోతోంది, విజిల్ రావడం లేదు

మూతలోని రబ్బరు సాగిపోయి ఉంటుంది. దాన్ని చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచితే ఆ పూటకు బిగుస్తుంది. ఆ వారంలోనే అదే కంపెనీ రబ్బరు కొనాలి. రబ్బరు బాగానే ఉంటే వెయిట్ పెట్టే గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. పప్పు నురగ ఎండి రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, అలాంటప్పుడు కుక్కరును పొయ్యి మీద పెట్టడం ప్రమాదకరం. పప్పును కుక్కరులో సగానికి మించి నింపకుండా ఉంటే ఈ బెడద రాదు. సేఫ్టీ వాల్వ్ కరిగితే కొత్తది వేయించాలే తప్ప ఆ రంధ్రాన్ని దేనితోనూ బిగించకూడదు.

ఇండక్షన్ స్టవ్వు మీద కుక్కరు అసలు వేడెక్కడమే లేదంటే, అడుగున అయస్కాంతం పెట్టి చూడాలి. అది అతుక్కోకపోతే ఆ కుక్కరు గ్యాసు పొయ్యికి మాత్రమే పనికొస్తుంది.

అన్నం ఒకరోజు ముద్ద, ఒకరోజు పలుకు

కొలత మారకపోయినా ఫలితం మారుతోందంటే బియ్యం మారాయని అర్థం. కొత్త బియ్యంలో తేమ ఎక్కువ కాబట్టి అవి తక్కువ నీళ్లు పీలుస్తాయి. సోనా మసూరి కొత్తవైతే కుక్కరులో గ్లాసుకు రెండు గ్లాసుల కన్నా కొంచెం తక్కువ నీళ్లు చాలు. పాతవైతే రెండున్నర దాకా పడతాయి. కొత్త బస్తా విప్పిన రోజు ముందుగా కొద్దిగా వండి చూసుకుంటే నెలంతా ఇబ్బంది ఉండదు.

కరెంటు రైస్ కుక్కరులో మరొక పొరపాటు జరుగుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. నీళ్లు ఇంకిపోగానే అడుగు వేడి పెరిగి మీట దానంతట అదే పైకి లేస్తుంది. మధ్యలో రెండుమూడుసార్లు మూత తీసి చూసేవారి అన్నం పలుకుగా దిగడానికి కారణం, లోపలి ఆవిరి పోవడం వల్ల ఉడకడానికి చాలాల్సిన నీళ్లు చాలకపోవడమే. అలా దిగిన అన్నం మీద పావు కప్పు వేడినీళ్లు చిలకరించి, మూతపెట్టి, సన్నని సెగ మీద ఐదు నిమిషాలు ఉంచితే సరిపోతుంది. ముద్దయిన అన్నాన్ని పొడిపొడిగా మార్చలేం కాబట్టి దానితో పులిహోరకు ప్రయత్నించకుండా పెరుగన్నం చేసుకోవాలి. పెరుగన్నానికి మెత్తటి అన్నమే రుచి. అడుగంటితే గరిటెతో కలపకుండా, పై అన్నాన్ని మాత్రం మరో గిన్నెలోకి తీసుకోవాలి.

మిగిలిన అన్నం గురించి ఒక హెచ్చరిక చేయడం అవసరం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు; అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్ లేని గదిలో దీనికి మందు కొలిచి వండుకోవడమే. రైస్ కుక్కరుతో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి, ఆకలి మీదున్న ఒకరికి ఒక పూటకు అవి చాలు.

చారు, పప్పు చేదుగా వస్తున్నాయి

పోపు మాడింది. నూనె పొగలు కక్కేదాకా ఆగి అన్నీ ఒక్కసారే వేయడం వల్ల ఇలా జరుగుతుంది. నూనెలో ఒక్క ఆవగింజ వేసి చూడండి. అది వెంటనే చిటపటమంటే నూనె సిద్ధంగా ఉన్నట్టు. ఆవాలు చిటపటలాడాక మంట తగ్గించి శనగపప్పు, మినప్పప్పు వేసి, మినప్పప్పు లేత బంగారు రంగుకు తిరగగానే ఎండుమిర్చి, జీలకర్ర, చివరగా తడి తుడిచిన కరివేపాకు, ఇంగువ వేసి పొయ్యి ఆపేయాలి. మూకుడు వేడికే మిగతా పని జరుగుతుంది. మెంతులు వేస్తే నాలుగైదు గింజలకు మించకూడదు, అవి నల్లబడేదాకా ఉంచకూడదు. మాడిన పోపును బాగుచేసే ఉపాయం ఏదీ లేదు. రెండు చెంచాల నూనె పోతుందని దిగులుపడి దాన్ని చారులో కలిపితే గిన్నెడు చారూ పోతుంది.

చేదు లేకపోయినా చారు చప్పగా ఉందనిపిస్తే, చాలామంది కారమో చారుపొడో పెంచుతారు. ముందు ఉప్పు చూడాలి. ఇద్దరికి ఉసిరికాయంత చింతపండు చాలు, అంతకు మించితే ఉప్పు ఎంత వేసినా చాలినట్టు అనిపించదు. చారుపొడి వేశాక ఒక్క పొంగు రాగానే దించేయాలి, ఎక్కువసేపు మరిగితే దాని వాసన పోతుంది. ఉప్పెక్కితే బంగాళాదుంప ముక్క వేయమని చెబుతారు గాని, అది ఉప్పును ఏరి తీసేయదు, ఉప్పు నీళ్లను పీల్చుకుంటుంది, అంతే. నీళ్లు, ఉప్పు వేయని పప్పుకట్టు కలపడమే సరైన దారి.

బెండకాయ వేపుడు జిగురుగా, పెరుగు నీళ్లగా

బెండకాయలను కడిగాక పూర్తిగా తుడిచి, ఆరనిచ్చి, ఆ తరువాతే తరగాలి. మూత పెట్టకుండా వేయించి, ఉప్పు చివర్లో వేస్తే జిగురు రాదు.

పెరుగు తోడుకోకపోవడానికి కారణం పాల వేడి. కాచిన పాలు చిటికెనవేలికి గోరువెచ్చగా తగిలినప్పుడు, అంటే సుమారు 40 డిగ్రీల దగ్గర, చెంచాడు పెరుగు వేసి కలిపి ఆరేడు గంటలు కదపకుండా ఉంచాలి. మరీ వేడిగా ఉంటే తోడులోని బ్యాక్టీరియా చస్తుంది, చల్లారిపోతే పెరగదు. చలికాలంలో గిన్నెకు తువ్వాలు చుట్టి మూత పెట్టిన కుక్కరులో ఉంచవచ్చు.

వంట బాగానే వస్తోంది, కాని పరీక్షల వారంలో మానేయాల్సి వస్తోంది

ఈ సమస్యకు కారణం సింకులో పేరుకున్న గిన్నెలు. పూటకు మూడు వంటకాలు చేయాలనుకోవడం వల్లే అవి పేరుకుంటాయి. పూటకు వేడివేడిగా ఒక్కటి వండుకొని, మిగతావి ఇంటి నుంచి వచ్చిన సీసాల్లోంచి వడ్డించుకోవడం నా దృష్టిలో చదువుకునేవారికి తగిన పద్ధతి. ఆవకాయ జాడీలోకి తడి గరిటె వెళ్లకుండా, ముక్కల పైన నూనె తేలుతూ ఉండేటట్టు చూసుకోవాలి.

ఆ ఒక్క వేడి వంటకంగా పరీక్షల రోజుల్లో పులగానికి మించినది కనిపించదు. రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి, నాలుగింతల నీళ్లు పోసి, ఉప్పు, మిరియాలు, జీలకర్ర వేసి మూడు విజిల్స్ రానిస్తే కడగాల్సింది ఒక కుక్కరు, ఒక కంచం మాత్రమే. రాయలసీమలో దీనిలోకి పల్లీల పచ్చడి నూరుకుంటారు. మిక్సీ లేని గదిలో పల్లీల పొడి, చెంచాడు నెయ్యి చాలు.