వరదలో, తుఫానులో తాగే నీళ్లు: ఏ తేడా కనిపిస్తే ఏం చేయాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు తిరగలేదు, మేడమీద ట్యాంకులు ఖాళీ అయ్యాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇంటి చుట్టూ నీళ్లే, గొంతులో పోసుకోవడానికి మాత్రం గ్లాసెడు లేవు. ఇలాంటి రోజుల్లో ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బందులు ఇవీ, వాటికి కారణాలు ఇవీ.

కుళాయి నీళ్లు బురదగా వస్తున్నాయి

ఎక్కడో పైపు పగిలి ఉంటుంది. సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి పక్కనున్న మురుగు లోపలికి లాగేసుకుంటుంది. అందుకే సరఫరా మళ్లీ మొదలైనప్పుడు వచ్చే మొదటి నీళ్లను తాగడానికి పట్టుకోవద్దు.

బురద నీళ్లను నేరుగా కాచినా, క్లోరిన్ గోళీ వేసినా పూర్తి ఫలితం ఉండదు. ముఖ్యంగా క్లోరిన్ బలమంతా ఆ మట్టిమీదే ఖర్చయిపోతుంది. ముందు నీళ్లు తేరాలి. బిందెలో పటిక ముక్కను నాలుగైదు సార్లు తిప్పి, గంటా రెండు గంటలు కదపకుండా ఉంచండి. మడ్డి అడుగున పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లను పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి మరో పాత్రలోకి వడకట్టండి. ఇక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. తేటగా ఉన్నంత మాత్రాన అవి మంచినీళ్లు కావు, కాచడమో క్లోరిన్ వేయడమో ఇంకా మిగిలే ఉంది.

కాచి తాగుతున్నా విరేచనాలు ఆగట్లేదు

కాచిన నీళ్లు తాగమని అందరూ చెబుతారు. కాచాక వాటిని ఎందులో పోశాం, ఎలా తీస్తున్నాం అన్నది ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో ఎక్కువ ఇళ్లలో తేడా వచ్చేది అక్కడే.

ముందు కాచిన తీరు చూడండి. గిన్నె అడుగున చిన్న బుడగలు రాగానే స్టవ్ ఆపేస్తే చాలదు. నీళ్లు సలసలా మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం అలాగే ఉంచాలి. మూత పెట్టే చల్లార్చాలి. తొందరగా చల్లారాలని పచ్చినీళ్లు కలిపితే చేసిన పనంతా వృథా.

ఇప్పుడు బిందె దగ్గరికి రండి. పిల్లవాడు ఆడుకుని వచ్చి గ్లాసు ముంచుతాడు. వేళ్లు నీళ్లకు తగులుతాయి. అదే గ్లాసు మూతమీద బోర్లించి ఉంటుంది, మూతమీద ఈగలు. క్లోరిన్ వేసిన నీళ్లలో అది కొంత మిగిలి ఉండి కాపలా కాస్తుంది. కాచిన నీళ్లకు ఆ రక్షణ లేదు, ఒక్కసారి చెయ్యి తగిలినా మళ్లీ చెడిపోతాయి. కాబట్టి కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము గానీ, సన్న మూతి ఉండి వంపుకోవడానికి వీలైన టిన్ను గానీ వాడండి. బిందె తప్ప వేరే దారి లేకపోతే పొడవాటి కాడ ఉన్న గరిటె ఒకటి దానికే కేటాయించి, మేకుకు తగిలించండి. కాచిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే వాడేయండి.

పళ్లు తోముకునే నీళ్లు, పచ్చళ్లలో కలిపే నీళ్లు, పసిబిడ్డ పాలసీసా కడిగే నీళ్లు కూడా శుభ్రమైనవే కావాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లాం మీద రాసినంత శుభ్రమైన నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. 24 గంటలు దాటితే ఆ నీళ్లు పారబోసి కొత్తవి కలపాలి. పిల్లల కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా పడుకున్నా ఇంట్లో వైద్యం వద్దు. 108కి ఫోన్ చేయండి.

క్లోరిన్ గోళీ వేశాక వాసన రావట్లేదు, లేదా మరీ ఘాటుగా ఉంది

20 లీటర్ల టిన్ను నీళ్లు మరిగించాలంటే దాదాపు పావు కిలో గ్యాస్ అవుతుంది. సిలిండర్ దొరకని రోజుల్లో ఆశా కార్యకర్తలు పంచే గోళీలే దిక్కు. గోళీ ఎన్ని లీటర్లకో పొట్లాం మీద చూసి వేయండి, అన్నీ ఒకే మోతాదువి కావు. వేసి కలిపాక కనీసం అరగంట ఆగాలి.

అరగంట తర్వాత లేతగా క్లోరిన్ వాసన వస్తే మందు పనిచేసినట్టే. అస్సలు రాకపోతే నీళ్లలో మలినం ఎక్కువైనా ఉండాలి, గోళీ పాతదైనా అయ్యుండాలి. మళ్లీ వడకట్టి, కొత్త గోళీ వేసి, ఇంకో అరగంట ఆగండి. మరీ ఘాటుగా ఉంటే శుభ్రమైన రెండు పాత్రల మధ్య నాలుగైదు సార్లు తిరగబోస్తే తగ్గుతుంది. బ్లీచింగ్ పౌడర్‌ను తాగే నీళ్లలో అందాజుగా పిడికెడు వేయడం మాత్రం ప్రమాదం.

నిల్వ నీళ్లకు పాచి వాసన, పురుగులు

వెలుతురు తగిలితే నాచు పడుతుంది. మూత సందుంటే దోమ గుడ్లు పెడుతుంది, ఆ పురుగులు డెంగీ దోమవి కూడా కావచ్చు. టిన్నులను సబ్బుతో కడిగి, నిండా పట్టి, మూత బిగించి, ఎండ తగలని గదిలో పెట్టండి. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేసుకుంటే, నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు. తుఫాను హెచ్చరిక రాగానే ఇవి పట్టి ఉంచాలి, కరెంటు పోయాక కాదు.

సంపులోకి వరద నీరు చేరింది

ఉన్న నీళ్లన్నీ తోడి, బురద ఎత్తి, గోడలు రుద్ది కడగాలి. సంపులోకి ఒంటరిగా దిగొద్దు, మోటారు ప్లగ్ తీయకుండా అసలే దిగొద్దు. తర్వాత మంచినీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు సుమారు 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్‌లో కలిపి పైన తేరిన నీటిని పోయండి. 12 గంటలు ఉంచి, ఆ నీళ్లన్నీ వదిలేసి కొత్తవి పట్టుకోవాలి. వరదలో మునిగిన ఆర్‌ఓ మిషన్ ఫిల్టర్లు కడిగితే బాగుపడవు, మార్చాల్సిందే.

నీళ్లు ఉప్పగా ఉన్నాయి, లేదా కిరోసిన్ వాసన వస్తోంది

ఉప్పెన నీరు చేరిన బావిలో ఉప్పు మరిగిస్తే పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నల్గొండ ప్రాంతపు బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్‌దీ ఇదే సంగతి. క్లోరిన్ కూడా వీటిని ఏమీ చేయదు. ఆర్‌ఓ ఉండి కరెంటు ఉంటే సరే, లేకపోతే ట్యాంకర్ నీళ్లు తెచ్చుకోవాలి.

కిరోసిన్, పెట్రోలు, పురుగుమందు వాసన వచ్చే నీళ్లను కాచొద్దు, గోళీలు వేయొద్దు, స్నానానికి కూడా వాడొద్దు. పురుగుమందు డబ్బాలో పట్టిన నీళ్లు ఎన్నిసార్లు కడిగిన డబ్బాలోవైనా సరే, పశువులకు కూడా పెట్టకుండా పారబోయండి.