కర్నూలు గోడల మీద వరద గీత: వాతావరణ మార్పు గురించి వీధిలో మాట కదిలించడం ఎలా?

వాతావరణ మార్పు మీద సభ పెడితే ఎవరొస్తారో మనకు తెలిసిందే. పిలిస్తే కాదనలేని టీచర్లు, వాళ్లు వెంటబెట్టుకొచ్చిన పిల్లలు. మంచు కరిగే పోస్టర్ కర్నూలు పాతబస్తీలో ఎవరినీ ఆపదు. అక్కడివాళ్లకు గుర్తున్నది 2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడిన రోజు. ఆ నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడ మీద ఒక నీలం గీత గీయండి. జనమే ఆగి అడుగుతారు.

గీత గీస్తే అది ఆర్టా అని నవ్వేవాళ్లు ఉంటారు, నవ్వనీయండి. ఈవ్ మోషర్ అనే కళాకారిణి 2007లో న్యూయార్క్ వీధుల్లో చేసింది ఇదే. సముద్ర మట్టానికి పది అడుగుల ఎత్తు ఎక్కడెక్కడ తగులుతుందో చూసుకుని, ఆటస్థలాల్లో గీతలు వేసే బండితో సుద్దపొడి గీత గీసుకుంటూ నడిచింది. ఏం చేస్తున్నావని అడిగిన వాళ్లతో నిలబడి మాట్లాడటమే అందులో అసలు కళ. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు ఆ గీత పోయిన చాలా చోట్ల నీళ్లు నిలిచాయి. ఆమె గీసింది రాబోయే నీళ్లను. మనం గీసేది వచ్చిపోయిన నీళ్లను, పైగా చూసినవాళ్లు మన వీధిలోనే ఉన్నారు.

ముందు ఒక్క వీధి ఎంచుకోండి, ఊరంతా వద్దు. ఇంటి గోడకు ఇంటివాళ్లను, ప్రభుత్వ గోడకు మున్సిపల్ ఆఫీసును అడగండి. కొండారెడ్డి బురుజు లాంటి పాత కట్టడాల జోలికి అసలు పోవద్దు.

తర్వాత సాయంత్రం పూట, అరుగుల మీద జనం కూర్చునే వేళ, ఎత్తు అడగండి. "పెద్దమ్మా, ఆ పొద్దు నీళ్లు ఎంతకాడికి వచ్చినాయి?" అంటే చాలు. అడుగుల్లో ఎవరూ చెప్పరు. కిటికీ మునిగిందనో, ఫ్యాను రెక్క తడిసిందనో చెబుతారు. అదే కావాలి. చెప్పినవాళ్ల చేతే సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. పక్కింటాయన వచ్చి "అంత లేదులే" అంటే ఆయన గుర్తూ పెట్టించండి. వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే మధ్యలో దూరకండి, మీకు కావలసిన మాటలు అక్కడే మొదలయ్యాయి. ఆ వరదలో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లు ఉంటాయి. అలాంటి చోట ఫోన్ తీసి వీడియో పట్టడం మర్యాద కాదు.

ఇక గీత. దీనికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు కావాలి. సన్నని పారదర్శకమైన పైపులో నీళ్లు నింపి, బుడగలు లేకుండా చూసుకోండి. ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. ఒక కొస మొదటి గుర్తు దగ్గర, రెండో కొస ఎదురింటి గోడకు పట్టుకోండి. నీళ్లు కదలడం ఆగాక మొదటి కొసలో మట్టం సరిగ్గా గుర్తుకు ఆనేలా సర్దితే, రెండో కొసలో నీళ్లు నిలిచిన చోటే మీ ఎత్తు. ఇట్లా గోడ నుంచి గోడకు పోవాలి. పది ఇళ్లు దాటాక మళ్లీ ఎవరినైనా అడిగి సరిచూసుకోండి. పారే నీటికి వాలు ఉంటుంది కాబట్టి ఒక వీధి మట్టం పక్క పేటకు పనికిరాదు.

గుర్తుల మధ్య దారం బిగించి, సున్నంలో నీలిమందు, కాస్త జిగురు కలిపి నాలుగు అంగుళాల పట్టీ వేయండి. గీత తలకన్నా పైకి పోతే నిచ్చెన కావాలి, కింద పట్టుకోవడానికి ఒక మనిషి కూడా. గీత మీద తేదీ తప్ప ఏమీ రాయొద్దు. నీతివాక్యం రాశారా, చదివి వెళ్లిపోతారు. ఏమీ లేకపోతేనే "ఇదేంటన్నా?" అంటారు.

అడిగినప్పుడు వాతావరణ మార్పుతో మొదలుపెట్టకండి. ఆ ఏడాది సంగతి చెప్పండి. 2009 నైరుతిలో దేశం మొత్తం మీద వాన 22 శాతం తక్కువ, 1972 తర్వాత అంత లోటు లేదు. కరవు ఖాయమని అందరూ అనుకున్నాక నాలుగు రోజుల్లో ఊరు మునిగింది. ఊరికి దిగువనున్న శ్రీశైలం డ్యామ్‌కు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, ఆ డ్యామ్ కట్టింది 19 లక్షలకు. అక్కడ నిండిన నీళ్లు ఊరి వైపు వెనక్కి తన్నాయి. "గేట్లు ముందే ఎత్తుంటే మునిగేదా?" అని ఎవరో ఒకరు గట్టిగా అంటారు. ఆ మాటను తోసేయొద్దు. వాగుల్లో కట్టిన ఇళ్ల మాట వచ్చినా అంతే. ఆ ఒక్క వరదను భూతాపం ఖాతాలో రాసేయడం నిజాయితీ కాదు. చెప్పగలిగింది ఇది: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కురిసినప్పుడు అదంతా ఒక్కసారే దిగుతుంది. వాన మొత్తం పెరగకపోయినా కుండపోతలు పెరుగుతాయి.

అప్పుడు గీత వైపు చూపించి అడగండి: "మీ కరెంటు మీటరు దీనికి పైనుందా, కిందుందా? ఇంటి కాగితాలు ఏ అరలో ఉన్నాయి?" ఈ ప్రశ్నకు ఎవరైనా ఇంట్లోకి పోయి చూసుకొస్తారు. అద్దెకు కొత్తగా వచ్చినవాళ్లకైతే ఇది పెద్ద వార్త.

అక్టోబర్ 2 ఎలాగూ సెలవే కాబట్టి ఆ సాయంత్రం గీత కిందే నాలుగు కుర్చీలు వేసి, ఉగ్గాని బజ్జీ తెప్పించండి. మైకు వద్దు, మైకు పట్టుకుంటే ఎవరైనా ఉపన్యాసంలోకి దిగుతారు. ఇంటి నంబర్లు, ఎత్తులు, మీటర్లు ఎక్కడున్నాయో ఒక నోటుబుక్కులో రాసి, దాని కాపీ వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.